అరవై ఒకటో చీటీ

చీటీల మాస్టారు ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ముప్పై నాలుగేళ్ళు ఒక పత్రికాఫీసులో, కిటికీ లేని గదిలో కూర్చుని ప్రూఫులు దిద్దారు. పక్కవాళ్ళ తప్పులు పట్టే ప్రతివాణ్ణీ లోకం మాస్టారనే పిలుస్తుంది, ఏం చేస్తాం. ఇక చీటీలంటారా, అది ఆయన స్వయంకృతం.

తెలుగువాళ్ళ నోట్లో నలిగే ఇంగ్లీషు మాటలన్నిటికీ ఒక నిఘంటువు చెయ్యాలని ఆయన పంతం. ఇంగ్లీషువాడు ఆ మాటకి ఏం అర్థం చెప్పుకుంటాడన్నది ఆయనకి అక్కర్లేదు, అది వాడి గొడవ. మనవాళ్ళు దాన్ని ఎటు వంచారు, ఎక్కడ అతికించారు, దేనికి వాడుతున్నారు, ఆయనకి కావలసింది అదీ. అందుకని ఎవరు నోరు విప్పినా ఆయన చెవి అటే ఉండేది. విన్న వాక్యాన్ని అరచెయ్యంత చీటీ మీద రాసేవారు. పైన ఎడమ పక్క మాట, కుడి పక్క తారీఖూ టైమూ, మధ్యలో అన్నది అన్నట్టుగా వాక్యం, అడుగున అన్నదెవరో. సొంతంగా కల్పించిన వాక్యం ఒక్కటి కూడా ఉండకూడదు. టైము లేని చీటీ పెట్టెలోకి పోకూడదు. రాసిన చీటీ చచ్చినా పారెయ్యకూడదు. ప్రతి చీటీకీ ఒక పొడుగాటి రిజిస్టరులో నంబరు పడాలి. ప్రభుత్వాలు కూడా ఇన్ని రూళ్ళు పెట్టుకుని ఇంత శ్రద్ధగా పాటించవు.

ఆ పిచ్చికి సగం బాధ్యురాలు వాళ్ళావిడ. ఆవిడ ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని ఆడవాళ్ళ బట్టలు కుట్టేది. కొలతలకి వచ్చినవాళ్ళు చేతులు చాపి నిలబడి ఊరుకోరు కదా, లోకంలోని కబుర్లన్నీ అక్కడే దొర్లేవి. అందులో ఆయనకి పనికొచ్చేది దొరికిందా, మిషను ఆపి, మెళ్ళో టేపు అలా వేలాడుతూ ఉండగానే నడవ గుమ్మం దాకా వచ్చేది. ముందూ వెనకా ఏమీ లేదు. వాక్యం ఒక్కటే చెప్పేది. ఆయన తలెత్తకుండా, "ఎవరన్నారు?" అనేవారు. "పోస్టాఫీసావిడ" అనో "ఎదురింటి కోడలు" అనో చెప్పి వెళ్ళిపోయేది. ఆయన గడియారం చూసి టైము వేసుకునేవారు. ముప్పై ఏళ్ళ కాపురంలో సగం మాటలు ఇలా గుమ్మంలోనే జరిగాయి. చీటీలు కూడా ఆవిడ చేతి చలవే. బట్టల కొలతలు గీసే మట్టిరంగు కాగితాన్ని పెద్ద కత్తెరతో వందలకొద్దీ కత్తిరించి, దారం కట్టి ఇచ్చేది. స్కేలు పెట్టకుండా కోసినా ఒక్క చీటీ అంచు వంకరపోయేది కాదు.

మూడేళ్ళ కిందట ఒక సాయంత్రం ఆవిడ పోయింది. గుండె. మిషను పక్కన మంచం మీద పడుకున్న మనిషి పడుకున్నట్టే పోయింది.

"చెప్పాపెట్టకుండా పోయిందమ్మా," అన్నారు మాస్టారు ఆ రోజు కూతురితో. పరామర్శకి వచ్చినవాళ్ళందరితోనూ అదే మాట అన్నారు. వాళ్ళు కూడా, పోనీలెండి, ఒకరి చేత చేయించుకోకుండా, బాధపడకుండా వెళ్ళింది, పుణ్యాత్మురాలు అన్నారు. కూతురికి ఆ మాటే ఊతమైంది. అమ్మ బాధపడలేదట అని తనకి తానే చెప్పుకుని ఏడుపు దిగమింగుకున్న రోజులు ఎన్నో.

ఆ మాట అబద్ధం. అబద్ధమని రుజువు చేసే కాగితం మాస్టారి కళ్ళజోడు పెట్టెలో, మెత్తటి గుడ్డ కింద, నాలుగు మడతల్లో ఉంది. కళ్ళజోడు తీసినప్పుడల్లా అది వేలికి తగులుతుంది. మూడేళ్ళుగా తగులుతూనే ఉంది.

కూతురు రెండు వీధుల అవతల మందుల షాపులో పనిచేస్తుంది. పొద్దున షిఫ్టు అయిపోగానే వచ్చి, తండ్రి చీటీలు చదువుతుంటే కంప్యూటరులో కొట్టిపెడుతుంది. నిఘంటువు వేస్తామని ఒక అచ్చాఫీసువాళ్ళు మాటిచ్చారు మరి. నిరుడు 'అ'తో మొదలుపెట్టారు. అచ్చుల్లో ఉన్నంతకాలం మాస్టారు నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నారు. 'ట' దాటింది, 'న' దాటింది, ఆయనకి నిద్రపట్టడం మానేసింది. 'ప'లో పేచీలు పెట్టి, 'పాయింటు' అన్న ఒక్క మాట మీదే పదకొండు రోజులు లాగారు. ఎన్నాళ్ళని లాగుతారు? ఒక మధ్యాహ్నం కూతురు అల్మారా మీద నుంచి బూట్ల పెట్టె ఒకటి దింపి, దుమ్ము దులిపి బల్ల మీద పెట్టింది. పైన ఆయన చేతిరాతే: ఫ్రీ.

మిగతా రోజుల్లో అయితే అంతకన్న సరదా పెట్టె లేదు. సబ్బు కొంటే దువ్వెన ఫ్రీ. రోడ్డు ఫ్రీగా ఉంది, తొందరగా వచ్చేశాం. జాకెట్టు చంకల దగ్గర కాస్త ఫ్రీగా కుట్టండమ్మా. ఆ డాక్టరు చాలా ఫ్రీ మనిషి, ఎంతసేపైనా మాట్లాడతాడు. ఆ గుమాస్తా మాత్రం మరీ ఫ్రీ అయిపోతున్నాడు, జాగ్రత్త. నట్టు ఫ్రీ అయిపోయింది, ఎంత తిప్పినా పట్టదు. చెయ్యి బిగించకండి, ఫ్రీగా వదలండి. మాస్టారి పెద్దన్నయ్య, ఎనభై దాటిన మనిషి, నలుగురు కూర్చున్న చోట గంభీరంగా అన్నది కూడా ఉంది: "ఇవాళ మాత్రం చాలా ఫ్రీగా అయిందిరా." కూతురు అది కొడుతూ కొడుతూ పడీపడీ నవ్వింది. పెదనాన్న పేరు పుస్తకంలో ఎక్కిస్తే ఊరుకుంటాడా అంది. మాస్టారు కూడా నవ్వబోయి, తర్వాతి చీటీ అందుకున్నారు.

మనిషి మనిషికీ ఆ మాట ఎలా మారిపోతుందో, ఒకచోట బరువు దించుకోవడం, ఒకచోట పట్టు జారిపోవడం, ఒకచోట హద్దు మీరడం, ఇంకొకచోట ఊరికే తీరిగ్గా కూర్చోవడం, వీటన్నిటి మీదా ఆయన మరొక రోజైతే అరగంట ఉపన్యాసం ఇచ్చేవారు. ఆ రోజు చీటీ తర్వాత చీటీ గబగబా చదివారు. సాయంత్రం నాలుగింటికల్లా పెట్టె ఖాళీ అయింది. అమ్మయ్య, గండం గడిచిందనుకున్నారు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని ఊరికే అన్నారా. రిజిస్టరుతో సరిచూడకుండా ఏ పెట్టే మూయకూడదని రూలు పెట్టింది ఆయనే. కూతురు రిజిస్టరు తెరిచి వేలు పెట్టి లెక్కచూసింది. పెట్టెలో అరవై. పుస్తకంలో అరవై ఒకటి. చివరిది లేదు. పడిపోయిందేమోనని బల్ల కింద చూసింది, అల్మారా వెనక చెయ్యి పెట్టి వెతికింది. మళ్ళీ వచ్చి పుస్తకంలో ఆ వరస చదివింది. ఈసారి నంబరు కాదు, తారీఖు.

ఆ పిల్ల మొహంలో నవ్వు ఎటు పోయిందో పోయింది.

"నాన్నా, అమ్మ పోయిన రోజు నువ్వు చీటీ రాశావా?"

పొద్దున్నెప్పుడో రాశాననొచ్చు. పోయిందనొచ్చు. ముప్పై నాలుగేళ్ళు అచ్చుతప్పులు పట్టిన మనిషికి ఒక చిన్న అబద్ధం అల్లడం ఎంతసేపు? కానీ మూడేళ్ళుగా మోస్తున్నది ఇంక మొయ్యలేననిపించింది. కళ్ళజోడు పెట్టె తెరిచారు. గుడ్డ తీశారు. నాలుగు మడతలూ విప్పకుండానే కూతురి ముందు పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

ఆవిడ కత్తెరతో కోసిన చీటీయే. పైన ఎడమ పక్క: ఫ్రీ. కుడి పక్క ఆ తారీఖు, సాయంత్రం ఆరూ పది. మధ్యలో: "ఊపిరి ఫ్రీగా ఆడటం లేదండీ." అడుగున: మా ఆవిడ.

కూతురు చదివింది. ఆమెకి తండ్రి ఫోను వచ్చింది ఆరూ యాభై అయిదుకి. ఆ సంగతి ఆమె మరిచిపోయేది కాదు. అప్పట్లో సాయంత్రం షిఫ్టు, షాపులో కౌంటరు దగ్గర నిలబడి ఉండగా మోగింది, గోడ గడియారం ఎదురుగానే ఉంది. పరుగెత్తుకుంటూ రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఊపిరాడటం లేదని ఎవరైనా వస్తే ముందు ఏం చెయ్యాలో, ఎవరికి ఫోను చెయ్యాలో, ఏ మాత్ర నాలుక కింద పెట్టాలో రోజూ పదిమందికి చెప్పే పిల్ల. ఆ మాత్ర ఆ రోజు కూడా ఆమె బ్యాగులోనే ఉంది.

మాస్టారు తల దించుకునే చెప్పారు. ఆ సాయంత్రం మిషను ఆగింది. ఆవిడ నడవ గుమ్మంలోకి వచ్చి నిలబడింది, మెళ్ళో టేపుతోనే. ముందూ వెనకా ఏమీ లేకుండా ఆ వాక్యం ఒక్కటే అంది. అలవాటు చొప్పున ఆయన కలం అందుకున్నారు. ఊపిరికి ఫ్రీ అని వాడగా ఆయన అంతవరకూ వినలేదు. భలే దొరికిందనుకున్నారు. తలెత్తకుండా ఎవరన్నారని అడిగారు. నేనే, అంది ఆవిడ. అడుగున 'మా ఆవిడ' అని రాశారు. గడియారం చూసి టైము వేశారు. రిజిస్టరులో నంబరు వేశారు.

రాస్తున్నంతసేపూ ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడే ఉంది. చీటీ రాస్తున్నప్పుడు ఆయన్ని కదిలించకూడదని ముప్పై ఏళ్ళుగా ఆవిడకి తెలుసు. ఆయన తలెత్తేసరికి గుమ్మం ఖాళీ. పనికి వెళ్ళిందనుకున్నారు. ఫ్రీ పెట్టె దింపారు. ఈ ఊపిరి చీటీ రోడ్డు చీటీల పక్కన ఉండాలా, జాకెట్టు చీటీల పక్కన ఉండాలా తేలలేదు. అరవై చీటీలూ బల్ల మీద పరిచి అటు మార్చీ ఇటు మార్చీ చూశారు. ముందు గదిలోంచి మిషను చప్పుడు లేదు. ప్రశాంతంగా ఉందనుకున్నారు.

"ప్రశాంతంగా ఉందనుకున్నానమ్మా," అని అదే మాట రెండోసారి అన్నారు, ఆ మాట తనది కానట్టు.

కూతురు చీటీని బల్ల మీద పెట్టి, మడతలు వేలితో చదును చేసింది. ఏడుస్తుందనుకున్నారాయన, అరుస్తుందనుకున్నారు. అరిచినా బాగుండేది. ఆఖరికి అడిగింది, మందుల చీటీ చదివి అనుమానం తీర్చుకునే గొంతుతో.

"మళ్ళీ పిలవలేదా?"

"ఒకసారి పిలిచింది."

"ఏమని?"

"ఏమండీ, ఫ్రీనా? అంది. మంచం మీంచి."

"నువ్వేమన్నావు?"

"రెండు నిమిషాలు అన్నాను."

ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల కదా, ఆమె చెయ్యి తనకి తెలియకుండానే పెట్టె వైపు వెళ్ళింది. "ఆ చీటీ ఏది?" అంది.

"రాయలేదు తల్లీ. ఆ వాడకానికి అప్పటికే పాతిక చీటీలున్నాయి."

అప్పుడు ఏడ్చిందామె. బల్ల మీద తల పెట్టి, భుజాలు ఎగిసిపడేలా. ఆయన చెయ్యి ఎత్తారు, ఆ తల మీద వెయ్యడానికి ధైర్యం చాలలేదు, మళ్ళీ ఒళ్ళోకి దించుకున్నారు. ఏ మొహం పెట్టుకుని ఓదారుస్తారు? నలభై అయిదు నిమిషాలు. బల్ల మీద అరవై చీటీలు పేర్చుకుంటూ మనిషి కూర్చున్నాడు, గోడకి అటువైపు ఇల్లాలి ప్రాణం పోతోంది. మరొకరెవరైనా ఈ పని చేశారంటే మాస్టారే చీదరించుకునేవారు.

కాసేపటికి ఆమె మొహం తుడుచుకుని లేచింది. సొరుగు లాగింది. అడుగున, దారం కట్టిన ఖాళీ చీటీల కట్ట ఒకటి మిగిలి ఉంది. తల్లి కోసినవాటిలో ఆఖరిది. ఆయన దాన్ని ముట్టుకోకుండా, తను వంకరటింకరగా కోసుకున్న కాగితాలతో మూడేళ్ళు నెట్టుకొచ్చారు. కూతురు దారం విప్పి ఒక చీటీ తీసి తండ్రి ముందు పెట్టింది.

"రాయి."

ఆయన రాశారు. మాట రాశారు. మధ్యలో వాక్యం రాశారు. అడుగున అన్నదెవరో రాశారు. తారీఖు వేసి ఆగిపోయారు.

"టైము?" అంది కూతురు.

"తెలీదమ్మా. గడియారం చూడలేదు."

"టైము లేని చీటీ పెట్టెలోకి పోదు కదా. నీ రూలే."

చీటీ తీసుకుని, బ్యాగులో మాత్రలుండే జిప్పు అర తెరిచి, అందులో పెట్టుకుంది. తర్వాత కుర్చీలో కూర్చుని, అరవై ఒకటో చీటీ కంప్యూటరులో కొట్టింది. రోడ్డు పక్కనా కాదు, జాకెట్టు పక్కనా కాదు. విడిగా, దానికొక అర్థం కేటాయించి కొట్టింది. అన్నీ సర్దేసి, చెప్పులేసుకుని, వీధి గుమ్మంలో వెనక్కి తిరిగింది.

"అమ్మ చెప్పలేదని మాత్రం ఇంకెవరితోనూ అనకు నాన్నా."

మర్నాడు ఆమె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోను చెయ్యడానికి మాస్టారికి చెయ్యి రాలేదు. పెట్టెలు తెరవలేదు, రిజిస్టరు ముట్టలేదు. ముందు గదిలో మంచం మీద కూర్చుని మిషను వంక చూస్తూ పొద్దు గడిపారు. రెండో రోజు పోస్టాఫీసావిడ ఇటుగా పోతూ కిటికీ దగ్గర ఆగింది. ఎప్పటిలాగే పోయినావిడ చేతిపని మెచ్చుకుని, తను వేసుకున్న బట్టలు ఇప్పటికీ ఆ చేతివేనని చెప్పి, పాపం చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది మహాతల్లి అని నిట్టూర్చింది.

"లేదండీ, చెప్పింది," అన్నారు మాస్టారు. "నాకే చెప్పింది. నేను వినలేదు."

పోస్టాఫీసావిడ చూపు దించుకుని, వస్తానండీ అని వెళ్ళిపోయింది. సాయంత్రానికి వీధంతా పాకుతుందని ఆయనకి తెలుసు. పాకనీ అనుకున్నారు.

మూడో రోజు మధ్యాహ్నం వీధి తలుపు చప్పుడైంది. చెప్పులు విడిచిన చప్పుడు, బ్యాగు పెట్టిన చప్పుడు. ఆయన నడవ గదిలో బల్ల దగ్గరే ఉన్నారు. రెండు రోజుల తర్వాత ఆ పూటే, ఊరికే కూర్చోలేక కలం పట్టారు. పొద్దున నీళ్ళ పైపు బాగుచెయ్యడానికి వచ్చినవాడు ఒక మాటన్నాడు, మంచి మాట, అది రాస్తున్నారు. కూతురు లోపలికి రాలేదు. ముందు గదిలోనే ఏదో జరుపుతోంది, నేల మీద బరువు ఈడ్చిన చప్పుడు వినిపిస్తోంది. ఆయన పలకరించాలా, ఊరుకోవాలా తెలియక రాస్తూనే ఉన్నారు.

"నాన్నా," అని వినిపించింది ముందు గదిలోంచి. "ఫ్రీనా?"

మాట సగంలో ఉంది. కొమ్ము ఇచ్చి దీర్ఘం ఇవ్వవలసిన చోట కలం ఆగింది. మూత పెట్టలేదు. కుర్చీ వెనక్కి తోస్తే గోడకి కొట్టుకుంది, రిజిస్టరు కిందపడింది, అదీ తియ్యలేదు. మోకాళ్ళ నొప్పుల మనిషి నడవ దాటి ముందు గదిలోకి ఎలా వచ్చారో ఆయనకే తెలియదు. గుమ్మం పట్టుకుని, ఆయాసపడుతూ నిలబడ్డారు.

"ఫ్రీనేనమ్మా. ఫ్రీనే. చెప్పు, ఏమైంది?"

కూతురు మిషను బల్లకి ఒక పక్క వంగి ఉంది. తలెత్తి ఆయన్ని చూసింది. చేతినిండా సిరాతో, భయంతో తెల్లబోయిన ఆ ముసలి మొహాన్ని చూసింది. ఆమె కళ్ళు నిండాయి.

"ఏం కాలేదు నాన్నా," అంది. "ఇది వెలుతురు వైపు జరుపుదామని. నా ఒక్కదానివల్ల కావడం లేదు."

ఆయన వెళ్ళి, వంగి, రెండో పక్క పట్టుకున్నారు.